మొక్క నాటాం సరే, చెత్త ఎవరు ఎత్తుతున్నారు?

జూన్ 5 దగ్గరపడితే మన సంఘాల్లో సందడి మొదలవుతుంది. ఆ వారం వచ్చే ఆదివారాన్ని పర్యావరణ ఆదివారంగా ఆచరిస్తాం. ఆదికాండం మొదటి అధ్యాయాల మీద ప్రసంగం ఉంటుంది. ఆరాధన అయ్యాక కాపరిగారు, సంఘ పెద్దలు, యౌవనస్థులు కలిసి ఆవరణలో ఒక మొక్క నాటుతారు. ఫొటోలు దిగుతాం. తర్వాత ప్రేమవిందు. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాల మీద 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉందని మనకు తెలుసు. అయినా బిర్యానీ వాటిలోనే వడ్డిస్తాం. మధ్యాహ్నం రెండింటికల్లా గేటు పక్కన నాలుగైదు నల్ల సంచులు పేరుకుంటాయి. మిగిలిన అన్నం, ఎముకలు, ప్లేట్లు, నీళ్ల సీసాలు, చంటిపిల్లల డైపర్లు అన్నీ కలిపి కుక్కి, మూతి బిగించి పెట్టేస్తాం.

సోమవారం తెల్లవారుజామున ఆ సంచుల మూతి విప్పేది ఎవరు? బెంగళూరులోనో చెన్నైలోనో ఉన్న తెలుగు సంఘమైతే జవాబు కోసం దూరం వెళ్లనక్కర్లేదు. చాలాచోట్ల ఆమె మన సంఘ సభ్యురాలే. ఆదివారం ఉదయం కూడా డ్యూటీ ఉంటుంది కాబట్టి ప్రసంగం సగం అయ్యాక వచ్చి వెనక చాప మీద కూర్చుంటుంది. పర్యావరణం గురించి మాట్లాడటానికి మనం బయటినుంచి ప్రసంగీకుణ్ణి పిలుస్తాం, శాలువా కప్పుతాం. వెనక కూర్చున్న ఆ అక్కను మాత్రం ఒక్క మాట అడగం.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఇదే. మన మధ్య పర్యావరణ న్యాయం కోసం నిజంగా పనిచేస్తున్నవాళ్లు స్త్రీలు. అందులోనూ అందరికంటే తక్కువ జీతం, అందరికంటే తక్కువ గౌరవం అందుతున్న స్త్రీలు. వాళ్లకు నాయకత్వం నేర్పించే పని మనకు లేదు, వాళ్లు చేస్తున్నదే నాయకత్వం. మనం చేయాల్సిందల్లా దాన్ని గుర్తించి వాళ్ల వెనక నిలబడటం.

వాసన ఎవరి వాటా?

పర్యావరణం అనగానే మనకు చెట్లు, నదులు, పక్షులు గుర్తొస్తాయి. పర్యావరణ న్యాయం అనే మాట ఇంకో ప్రశ్న అడుగుతుంది. నగరం వాడుకున్న సుఖం ఎవరికి, అది వదిలిపెట్టిన వాసన ఎవరికి? ఏది ఎక్కడ పారబోయాలో నిర్ణయించేది ఎవరు?

మన నగరాల పటం ముందు పెట్టుకుని చూడండి. ముంబయి చెత్తను 1927 నుంచి దేవనార్‌కు మోస్తున్నారు. 2016 జనవరిలో ఆ గుట్ట అంటుకున్నప్పుడు రోజుల తరబడి పొగ పీల్చింది చుట్టుపక్కల బస్తీలవాళ్లు. చెన్నై చెత్తకు ఉత్తరాన కొడుంగైయూరు, దక్షిణాన పెరుంగుడి. బెంగళూరు తన చెత్తను మావళ్లిపురకు, మండూరుకు పంపింది. బావుల్లో నీళ్లు పాడయ్యాయని, పిల్లలకు జబ్బులు వస్తున్నాయని ఆ ఊళ్లవాళ్లు రోడ్డెక్కి లారీలను అడ్డుకున్నారు. 2012లో మావళ్లిపుర, 2014లో మండూరు మూతపడ్డాయి. అప్పుడు గానీ తన చెత్త ఎక్కడికి పోతోందో బెంగళూరుకు తట్టలేదు.

చెత్త గుట్ట ఎందుకంత ప్రమాదమో యౌవనస్థులకు ఒక్కసారి వివరంగా చెప్పాలి. మన ఇళ్ల చెత్తలో దాదాపు సగం, చాలాచోట్ల అంతకు మించి, తడి చెత్తే. కూరగాయల తొక్కలు, అన్నం, మాంసం. దాన్ని విడిగా గుంటలో వేస్తే నెలా రెండు నెలల్లో ఎరువవుతుంది. ప్లాస్టిక్ సంచిలో బిగించి గుట్ట కింద కప్పేస్తే గాలి ఆడక కుళ్లి మీథేన్ వాయువు పుడుతుంది. భూమిని వేడెక్కించడంలో అది నూరేళ్ల లెక్కన బొగ్గుపులుసు వాయువుకంటే సుమారు 28 రెట్లు బలమైనది. గుట్టకు నిప్పు అంటుకునేదీ దానివల్లే. కిందికి కారే నల్లటి రసం భూగర్భ జలాల్లో కలుస్తుంది. తడిసిన కాగితం, అట్ట, గుడ్డ ఇక దేనికీ పనికిరావు. అంటే తడి, పొడి కలిసిన ఆ క్షణంలోనే నష్టం జరిగిపోతోంది. ఆ క్షణం మన వంటగదిలో వస్తుంది. ఆ తర్వాత దాన్ని సరిదిద్దగలిగినవాళ్లు ఒక్కరే ఉన్నారు. మన గుమ్మం ముందు తోపుడు బండితో నిలబడే స్త్రీ.

ఇది మన ఇంటి చరిత్ర

తెలుగు నేల వదిలి వచ్చి స్థిరపడ్డ మన కుటుంబాల కథలు రకరకాలు. సైన్యంతో వచ్చినవారున్నారు, మగ్గం పట్టుకుని షోలాపూర్ వెళ్లినవారున్నారు, భవనాలు కట్టడానికి బొంబాయి చేరిన కామాఠీలున్నారు. ఇవన్నీ మనం గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోని కథ ఇంకొకటి ఉంది. బెంగళూరు, మద్రాసు, కోలార్ బంగారు గనుల వీధులు ఊడ్చడానికి, మరుగుదొడ్లు శుభ్రం చేయడానికి తీసుకొచ్చిన తెలుగు దళిత కుటుంబాల కథ. ఈనాటికీ బెంగళూరు పౌరకార్మికుల్లో తెలుగు మాట్లాడేవాళ్లు ఎక్కువ. చెన్నైలో తరతరాలుగా ఈ పని చేస్తున్నవారిలో ఆది ఆంధ్రులు, తెలుగు మాట్లాడే అరుంధతీయులు ఉన్నారు.

ఎక్కువమంది స్త్రీలే. అందులోనూ ఒక పద్ధతి కనిపిస్తుంది. చీపురు స్త్రీ చేతిలో ఉంటుంది, ఆటో స్టీరింగు మగవాడి చేతిలో ఉంటుంది, హాజరు పుస్తకం ఇంకో మగవాడి చేతిలో ఉంటుంది. కులం ఆమెను ఈ పనిలోకి తోసింది, ఆడదై పుట్టినందుకు పనిలోనూ అట్టడుగున నిలిపింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవ విశ్వాసం ఒప్పుకున్న దళితురాలికి షెడ్యూల్డ్ కులాల హోదా ఉండదు. కాగితం మీద హోదా పోయినా వీధిలో ఆమెను చూసే చూపు మారలేదు. ఈ సంగతి మన పత్రికల్లో చాలాసార్లు రాసుకున్నాం. దానికీ పర్యావరణానికీ ఉన్న సంబంధం మాత్రం అంతగా చెప్పుకోలేదు.

ఈ చరిత్రలోనే తిరుగుబాటు కూడా ఉంది. కోలార్ బంగారు గనుల్లో పాకీ పనిచేసే తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, మిత్రులతో కలిసి సఫాయి కర్మచారి ఆందోళన్‌ను నిర్మించారు. 2016లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. ఆ ఉద్యమానికి ప్రాణం పోసింది స్త్రీలు. పొడి మరుగుదొడ్లు ఎత్తేది ప్రధానంగా వాళ్లే కాబట్టి, ఇక ఎత్తం అని చెప్పాల్సిందీ వాళ్లే. తమ తట్టలను నడివీధిలో కుప్పపోసి తగలబెట్టారు. ఆ ఉద్యమం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2013లో కొత్త చట్టం వచ్చింది, 2014 మార్చిలో తీర్పు వచ్చింది. తట్ట కాలిన తర్వాతే కాగితం కదిలింది.

చీపురు పట్టినవాళ్లు ఏం సాధించారు?

బెంగళూరు పౌరకార్మికులది ఒకప్పుడు కాంట్రాక్టు బతుకు. నెల నెలా జీతం వచ్చేది కాదు, వచ్చినా పూర్తిగా వచ్చేది కాదు, ప్రావిడెంట్ ఫండ్ కోత పడేది గానీ ఖాతాలో కనిపించేది కాదు. ఎవరైనా నోరు విప్పితే మరుసటి రోజు హాజరు వేసేవారు కాదు. యూనియన్లు పెట్టుకుని, ధర్నాలు చేసి, కాంట్రాక్టర్ చేతి మీదుగా కాకుండా కార్పొరేషనే నేరుగా జీతం ఇచ్చే పద్ధతి సాధించుకోవడానికి ఏళ్లు పట్టింది. 2022 జూలై మొదటివారంలో వేలమంది పని ఆపి ఉద్యోగాలు పర్మినెంట్ చేయాలని కూర్చున్నారు. 2025 మే 1న 12,692 మంది పౌరకార్మికులకు పర్మినెంట్ నియామక పత్రాలు అందాయి. చీపురు కిందపెట్టి రోడ్డు మీద కూర్చున్న స్త్రీల ఓపికకు దక్కిన ఫలం అది. చెత్త ఎత్తే ఆటోల మీద పనిచేసేవాళ్లకు ఆ రోజున ఈ భద్రత దక్కలేదు. పోరాటం సగంలోనే ఉంది.

పూణేలో దారి వేరు. అక్కడ చెత్త ఏరుకుని బతికే స్త్రీలు 1993లో కాగద్ కాచ్ పత్రా కష్టకరీ పంచాయత్ అనే సంఘం పెట్టుకున్నారు. కాగితం, గాజు, రేకు ఏరేవాళ్ల పంచాయతీ అని అర్థం. దాని నుంచే ‘స్వచ్ఛ్’ అనే సహకార సంస్థ పుట్టింది. కార్పొరేషన్‌తో ఒప్పందం చేసుకుని ఇంటింటికీ వెళ్లి చెత్త తీసుకుంటుంది. దానికి యజమానులు ఆ కార్మికులే. ఎక్కువమంది దళిత స్త్రీలు. వాడిన శానిటరీ ప్యాడ్లు విప్పి ఉన్నవి చేతికి తగులుతుంటే వాళ్లు ఊరుకోలేదు. కాగితంలో చుట్టి పైన ఎర్ర చుక్క పెట్టి విడిగా ఇవ్వండి అని ఇంటింటా అడిగారు. చదువుకున్నవాళ్లు నోరెత్తడానికి సిగ్గుపడే విషయాన్ని చదువురాని స్త్రీలు గుమ్మంలో నిలబడి మాట్లాడారు.

చెన్నై అనుభవం చేదుగా ఉంది. 2025 ఆగస్టులో రాయపురం, తిరు.వి.క. నగర్ జోన్ల పారిశుద్ధ్య పనిని ప్రైవేటు కంపెనీకి అప్పగించవద్దని కార్మికులు రిప్పన్ బిల్డింగ్ ముందు 13 రోజులు కూర్చున్నారు. వాళ్లలోనూ స్త్రీలే ఎక్కువ. వానలో, ఎండలో, పిల్లలతో సహా కూర్చున్నారు. హైకోర్టు ఆదేశాల తర్వాత ఆగస్టు 13 అర్ధరాత్రి పోలీసులు వాళ్లను అక్కడినుంచి తొలగించారు. కూర్చున్న ప్రతి చోటా గెలుస్తామని మేము చెప్పడం లేదు.

‘ఇది జీతాల గొడవ కదా, పర్యావరణం ఎక్కడుంది?’ అని కొందరు అడుగుతారు. ఇక్కడే ఉంది. తడి, పొడి వేరు చేయని సంచి ఇస్తే ‘ఇది తీసుకోను అమ్మా, వేరు చేసి ఇవ్వండి’ అని చెప్పే ధైర్యం ఆమెకు ఉండాలి. ఇంటి యజమాని ఒక్క ఫోన్ చేస్తే ఊడిపోయే ఉద్యోగంలో ఆ ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది? మొత్తం ఊడ్చి లారీలో పడేస్తుంది. పైగా చెత్తను టన్నుల లెక్కన మోసే కాంట్రాక్టుల్లో ఎంత బరువు మోస్తే అంత డబ్బు. చెత్త తగ్గితే అక్కడ నష్టపోయేది కాంట్రాక్టరే. ఉద్యోగ భద్రత ఉన్న చోట, ఏరిన పొడి చెత్త అమ్ముకునే హక్కు ఏరినవాళ్లకు ఉన్న చోట, చెత్త వేరు కావడం వాళ్ల మేలు కూడా అవుతుంది. అందుకే పౌరకార్మికురాలి నియామక పత్రాన్ని మేము పర్యావరణ పత్రంగానే చదువుతున్నాం.

తీరంలో, చేలో

నగరాల బయట కూడా ఇదే కనిపిస్తుంది. ఒడిశాలో గంజాం తీరం మన పాఠకుల్లో చాలామందికి సొంత ఊరు. అక్కడి మత్స్యకారుల్లో తెలుగు మాట్లాడే నోలియాలు చాలామంది. రుషికుల్య నది కలిసే చోట గుడ్లు పెట్టడానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు లక్షల్లో వస్తాయి. వాటి రక్షణ కోసం నవంబరు నుంచి మే వరకు ఆ తీరంలో వేటపై ఆంక్షలుంటాయి. తాబేలు బతకాలి, నిజమే. ఆ ఏడు నెలలు చిన్న పడవవాడి ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి? ఈ రెండు ప్రశ్నలూ ఒకేసారి మోయాల్సి వచ్చింది చేపల గంప మోసే స్త్రీలకే. వాళ్లు పొదుపు సంఘాలుగా ఏర్పడి, వడ్డీ వ్యాపారి పట్టు వదిలించుకుని, చేపల అమ్మకం తమ చేతిలోకి తెచ్చుకుని, తీరాన్ని కాపాడే పనిలోకి దిగారు. ఆ సంఘాల సమాఖ్య పేరు ‘సముద్రం’. 2010లో దానికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

అదే బహుమతి 2019లో జహీరాబాద్ ప్రాంతపు స్త్రీలకు, వాళ్లతో కలిసి పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి వచ్చింది. బీదర్‌లో ఉన్న మన పాఠకులకు జహీరాబాద్ పక్కవీధి లాంటిది. అక్కడి దళిత స్త్రీలు బీడుపడ్డ నేలల్లో జొన్న, కొర్ర, సామ, కంది కలిపి వేశారు. విత్తనం కొనే పని పెట్టుకోలేదు. బూడిద, వేపాకు వేసి బుట్టల్లో దాచుకుని, ఇరుగుపొరుగుకు అప్పిచ్చి, పంట వచ్చాక కొలత పెంచి తిరిగి తీసుకున్నారు. ప్రతి ఏటా సంక్రాంతి నాడు ఎడ్లబండ్ల మీద ఆ విత్తనాలతో పాత పంటల జాతర మొదలుపెట్టి ఊరూరా తిరుగుతారు. 2008లో మాచునూరులో సొంత రేడియో పెట్టుకుని తమ యాసలోనే సేద్యం గురించి మాట్లాడుకున్నారు. ప్రపంచమంతా 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకునే సమయానికి ఈ స్త్రీలు ఆ పని మొదలుపెట్టి దాదాపు మూడు దశాబ్దాలు దాటింది.

గంజాం, జహీరాబాద్, పూణే, బెంగళూరు. నాలుగు చోట్లా స్త్రీలు మొదట చేసింది ఒక్కటే. కూర్చుని నిర్ణయం తీసుకునే చోటు ఒకటి తమకంటూ ఏర్పరచుకున్నారు. తీరంలో పొదుపు సంఘం, చేలో సంగం, వీధిలో యూనియన్. పేర్లు వేరైనా అక్కడ మాట ఆమెది, లెక్క ఆమెది. మొక్కలు, తాబేళ్లు, తడి చెత్త అన్నీ ఆ తర్వాత వచ్చాయి.

మోషే ముందు నిలబడిన ఐదుగురు

సంఖ్యాకాండం 27వ అధ్యాయం మన ప్రసంగాల్లో అరుదుగా వినిపిస్తుంది. సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు. మహలా, నోవా, హొగ్లా, మిల్కా, తిర్సా. తండ్రి చనిపోయాడు, అన్నదమ్ములు లేరు, నేలలో వాటా లేదు. వాళ్లు గుడారంలో కూర్చుని ఏడవలేదు. ప్రత్యక్షపు గుడారం ద్వారం దగ్గరికి వచ్చి మోషే ముందు, యాజకుడైన ఎలియాజరు ముందు, ప్రధానుల ముందు, సర్వసమాజం ముందు నిలబడి తమ వాటా అడిగారు. మోషే తనకు తోచిన జవాబు చెప్పకుండా ఆ సంగతిని దేవుని సన్నిధికి తీసుకెళ్లాడు. ఆ కుమార్తెలు అడిగింది న్యాయమేనని జవాబు వచ్చింది. వాళ్లొక్కరికే కాకుండా ఇశ్రాయేలంతటికీ అది కట్టడ అయింది.

ఈ కథలో మమ్మల్ని ఆలోచింపజేసేవి రెండు. ఒకటి, నేల గురించిన న్యాయం అడిగింది నేల లేనివాళ్లు. రెండు, మోషే విన్నాడు. మీరు స్త్రీలు, మీ మగవాళ్లను పంపండి అనలేదు. అంత గొప్ప నాయకుడు ఆగి వినగలిగినప్పుడు మన సంఘ కమిటీలు ఎందుకు వినలేకపోతున్నాయి? కథ అక్కడితో ముగియదు కూడా. 36వ అధ్యాయంలో ఆ గోత్రపు పెద్దలు వచ్చి, ఆ ఆడపిల్లలు వేరే గోత్రంలోకి పెళ్లాడితే మన నేల పోతుందని మొరపెట్టుకుంటారు. చివరికి వాళ్లు తమ గోత్రంలోనే పెళ్లాడాలన్న షరతు పడుతుంది. స్త్రీకి హక్కు రాగానే దాని చుట్టూ కంచె ఎంత త్వరగా లేస్తుందో బైబిలు దాచలేదు.

"ఇది సంఘం పనేనా?"

మేము ఈ విషయాలు మాట్లాడినప్పుడు మూడు అభ్యంతరాలు వింటుంటాం.

మొదటిది, సంఘం సువార్త చెప్పాలి గానీ యూనియన్ల జోలికి పోకూడదని. శిష్యుల పాదాలు కడగడానికి ప్రభువు నడుముకు తువ్వాలు కట్టుకున్నప్పుడు పేతురు కూడా ఇబ్బందిపడ్డాడు. మురికి కడిగే పని ఎవరిదన్న ప్రశ్న సువార్తలోనే ఉంది. ఏటా పరిశుద్ధ గురువారం నాడు అప్పటికే శుభ్రంగా ఉన్న పన్నెండు మంది పాదాలు కడిగి, నగరం పాదాలు ఏడాది పొడుగునా కడిగే స్త్రీ గురించి మౌనంగా ఉంటే ఆ ఆచారానికి అర్థం ఏముంది?

రెండోది, మేము వాళ్లను బాగానే చూసుకుంటున్నాం, క్రిస్మస్‌కు చీరలు, బియ్యం ఇస్తున్నాం కదా అని. ఇవ్వండి, మంచిదే. చీర ఇచ్చిన రోజు ఫొటోలో ఆమె చేయి కింద ఉంటుంది, మన చేయి పైన ఉంటుంది. ఆమె అడుగుతున్నది చేతి తొడుగులు, నెలాఖరుకు పూర్తి జీతం, పని మధ్యలో వెళ్లడానికి ఒక మరుగుదొడ్డి. ఇవి దయతో ఇచ్చేవి కావు, ఆమెకు రావలసినవి.

మూడోది బయటికి అనరు, మనసులో ఉంటుంది. చదువు లేని ఆవిడ మాకు ఏం చెబుతుంది అని. ఏ ఇంట్లో అన్నం పారేస్తున్నారో, ఏ ఇంట్లో మందు సూదులు మామూలు చెత్తలో కలుపుతున్నారో, వాన పడితే ఏ కాలువ పొంగుతుందో, ఏ మూల రాత్రిపూట చెత్త తగలబెడుతున్నారో ఆమెకు తెలిసినంతగా వార్డు ఇంజనీరుకు కూడా తెలియదు. పాతికేళ్లు ఒక వీధిని ఊడ్చినామె ఆ వీధిని చదువుకున్నట్టే.

మనం చేయగలిగినవి

పెద్ద తీర్మానాలు అవసరం లేదు. వచ్చే ఆదివారం నుంచే మొదలుపెట్టగలిగినవి కొన్ని చెబుతాం.

గేటు తెరవండి. తెల్లవారుజామున వీధిలోకి వచ్చిన పారిశుద్ధ్య కార్మికురాలికి మధ్యాహ్నం దాకా మరుగుదొడ్డి దొరకదు. అందుకే చాలామంది నీళ్లు తాగడం మానేస్తారు, జబ్బులు తెచ్చుకుంటారు. మన చర్చి ఆవరణల్లో మరుగుదొడ్లు ఉన్నాయి, వారంలో ఆరు రోజులు తాళం వేసి ఉంటాయి. ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం రెండు వరకు ఆ తాళం తీయండి. తాగడానికి నీళ్లు, కూర్చోవడానికి నీడ పెట్టండి. విశ్వాసం ఏదని, కులం ఏదని ఎవరినీ అడగకండి.

ప్రేమవిందు మార్చండి. వంద స్టీలు ప్లేట్లు, గ్లాసులు ఒకసారి కొంటే ఏళ్లు వస్తాయి. స్త్రీల సమాజం వండితే, కడిగే వంతు పురుషులది, యౌవనస్థులది కావాలి. ఆవరణ మూల ఒక ఎరువు గుంట తవ్వండి. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు లైసెన్సు లేని చోట 100 మందికి మించి గుమిగూడే కార్యక్రమం పెడితే మూడు పనిదినాల ముందే స్థానిక సంస్థకు తెలియజేయాలని, చెత్త వేరు చేసి అప్పగించాలని చెప్పాయి. మైదానాల్లో సభలు పెట్టే మనకు ఇది తెలియకపోతే ఎలా?

యౌవనస్థులారా, మీకు చదువు ఉంది, ఫోన్ ఉంది. మీ సంఘంలోని అక్కల జీతం స్లిప్పు చదివిపెట్టండి. ప్రావిడెంట్ ఫండ్ ఖాతాలో డబ్బు పడుతోందో లేదో చూసిపెట్టండి. ఇ.ఎస్.ఐ. కార్డు లేకపోతే దరఖాస్తు రాయడంలో సాయపడండి. బెంగళూరులో పుట్టిన మీకు కన్నడం వచ్చు, చెన్నైలో పుట్టిన మీకు తమిళం వచ్చు. ఆఫీసులో ఆమె మాట అర్థం కానప్పుడు ఆమె పక్కన నిలబడి చెప్పండి. ఆమె బదులు మాట్లాడకండి. యానాంలో ఉన్నవాళ్లు చేపల గంపలు దింపుకునే అమ్మల దగ్గర కూర్చుని కోరంగి మడ అడవుల గురించి అడగండి. తుపాను గాలికి ఆ అడవి ఎలా అడ్డు నిలుస్తుందో, అది తగ్గితే రొయ్య పిల్ల, చేప పిల్ల ఎలా తగ్గుతాయో వాళ్లు చెబుతారు.

ఇళ్లలో మాట్లాడండి. వాడిన ప్యాడ్లు, డైపర్లు కాగితంలో చుట్టి ఎర్ర చుక్క పెట్టి ఇవ్వడం ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకూ నేర్పండి. పగిలిన గాజు విడిగా ఇవ్వండి. ఇంటి ముందుకు వచ్చే ఆమె పేరు తెలుసుకోండి.

చివరిది, అన్నిటికంటే కష్టమైనది. సంఘ కమిటీలో ఆమెకు కుర్చీ వేయండి. మన సంఘాల్లో ప్రార్థన కూటాలు నడిపేది, కానుకలు సేకరించేది, రోగుల్ని పరామర్శించేది ఎక్కువగా స్త్రీలే. పెద్దల బల్ల దగ్గర మాత్రం ఒకరిద్దరు కనిపిస్తారు, వాళ్లు కూడా తరచు ఉద్యోగస్థుల కుటుంబాలవాళ్లే. వీధి ఊడ్చే అక్క, గంప మోసే అమ్మ ఆ బల్ల దగ్గర కూర్చునే దాకా మన పర్యావరణ తీర్మానాలు ఫైళ్లలోనే ఉంటాయి.

మేము పత్రిక నడిపేవాళ్లం. మా తప్పు కూడా ఒప్పుకోవాలి. పర్యావరణం మీద రాయమని మేమూ ఎక్కువగా బోధకులను, అధ్యాపకులను, అందులోనూ పురుషులనే అడిగాం. ఇకమీదట ఈ స్త్రీల మాటలను వాళ్ల యాసలోనే రాసి, వాళ్లకు చదివి వినిపించి, వాళ్లు సరే అన్నాకే వేస్తాం. మీ సంఘంలో అలాంటి అక్క ఉంటే ముందు ఆమెను అడగండి, ఆ తర్వాత మాకు చెప్పండి.

వచ్చే జూన్‌లోనూ మొక్క నాటుదాం. నాటే ముందు ఆరాధన వేళను ఆమె డ్యూటీ దిగే వేళకు జరుపుదాం. వెనక చాప మీద కూర్చున్న అక్కను ముందుకు పిలిచి అరగంట ఆమెను మాట్లాడనిద్దాం. ఆమె మనల్ని తిట్టినా విందాం. మధ్యాహ్నం విందు అయ్యాక ప్లేట్లు మనమే కడుగుదాం. సోమవారం తెల్లవారుజామున ఆమె బండి తోసుకుంటూ మన గేటు దగ్గరికి వచ్చేసరికి అక్కడ నల్ల సంచులు ఉండకూడదు. గేటు తీసి ఉండాలి.